ఫిబ్రవరి పరీక్ష

టొలీడో, ఒహాయో
ఫిబ్రవరి 18

అక్కా,

కాగితం మీద ఉత్తరం వచ్చిందని గుండెలు బాదుకోకు. ఎవరూ పోలేదు. ఫోన్ మీద విసుగు పుట్టింది, అంతే. మా గోల్‌కీపర్ విటాకర్ నేను రాస్తుంటే చూసి "ఏరా డువార్టే, ప్రేమలేఖా? ఆవిడకి పళ్ళున్నాయా, ఊడాయా?" అన్నాడు. మా అక్కకి అన్నాను. "అమ్మో, అయితే అక్షరదోషాలు చూసుకో" అన్నాడు. నిన్ను ఒక్కసారే కలిశాడు, అయినా బాగానే అంచనా కట్టాడు.

సాధన మొదలైంది. బయట మంచు మోకాళ్ళ దాకా ఉంది. గాలి ఊది నిలబెట్టిన పెద్ద గుడారం కింద పరిగెత్తిస్తున్నారు. ఫుట్‌బాల్లో ఇది నా పన్నెండో సీజను. ముప్పై మూడేళ్ళకే డ్రెస్సింగ్ రూములో నన్ను "తాతా" అని పిలుస్తున్నారు. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి, పరుగు తగ్గింది. కానీ గాల్లో బంతి వచ్చిందంటే ఇప్పటికీ నాదే. కోచ్ కొత్తవాళ్ళని నిలబెట్టి "వీడు తలతో కొట్టడం చూడండి" అని చూపిస్తున్నాడు. గర్వంగానే ఉంది, అబద్ధమెందుకు.

కొత్త ఒప్పందం సంగతి చెప్పనేలేదు. ఈ సీజనులో ఇరవై ఆటల్లో మొదటి పదకొండు మందిలో దిగితే, ఇంకో ఏడాది దానంతటదే పొడిగిస్తారు. ఆ తర్వాత కోచ్ దగ్గర సహాయకుడి ఉద్యోగం. ఇరవై పూర్తయితే ఒడ్డున పడ్డట్టే. డిఫెండర్‌గా నిలబడడం తప్ప నాకు చేతనైన పని ఇంకేముంది చెప్పు?

తలకాయ పరీక్ష కూడా అయింది. మామూలే. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి పన్నెండు మాటలు చూపించడం, కాసేపయ్యాక ఏవి గుర్తున్నాయని అడగడం, అంకెలు వెనక నుంచి చెప్పించడం. సీజనులో తలకి దెబ్బ తగిలితే మళ్ళీ ఇదే పెట్టి ఫిబ్రవరి మార్కులతో పోలుస్తారు కదా. ప్రతి ఏడూ లాగే, నువ్వు నేర్పినట్టే, కావాలని కొన్ని తప్పులు చేసి వచ్చాను. ఇప్పుడే తక్కువ తెచ్చుకుంటే రేపు దెబ్బ తగిలినా తేడా కనబడదు. మా దెబ్బలూ కట్లూ చూసే లొరేన్ ఈ ఏడే కొత్తగా చేరింది. మార్కులు చూసి "పోయినేడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి, బాగుంది" అంది. సంతకం పెట్టేసింది.

నీ చేతి కేల్ ఆకుల సూప్ తాగాలనుంది. ఇక్కడ దొరికేది ఆకుపచ్చ వేడినీళ్ళు.

నీ తమ్ముడు,
డువార్టె


ఫాల్ రివర్, మసాచుసెట్స్
మార్చి 2

ఒరేయ్ డువార్టే,

కవరు చూడగానే నిజంగానే గుండె గుభేలుమంది. మన ఇంట్లో కాగితం మీద ఉత్తరమంటే మన పెద్దల అజోర్స్ దీవుల నుంచి ఎవరో ముసలాళ్ళు పోయారన్న కబురే కదా. విప్పి చదివి, తిట్టుకుని, మళ్ళీ చదివాను. నీ చేతిరాత ఇంకా కోడి గీకినట్టే ఉంది.

పరీక్ష సంగతి అంత గొప్పగా కాగితం మీద రాస్తావట్రా, బుద్ధుందా? ఎవరైనా చూస్తే? మరీ తక్కువ తెచ్చుకోలేదు కదా? మరీ తగ్గితే ఆ మెషీనే పట్టేస్తుంది. పన్నెండు మాటల్లో ఎనిమిది. అంతకన్నా దిగకు. కాలేజీలో గోల్‌కీపర్‌గా ఉన్న నాలుగేళ్ళూ నేను అదే చేశాను, ఒక్క ఆటా బెంచీ మీద కూర్చోలేదు.

నా పని మామూలే. పొద్దున నీళ్ళ ఆఫీసు, సాయంత్రం పదేళ్ళ ఆడపిల్లల జట్టు. ఆ వయసు పిల్లలు తలతో బంతి కొడితే రిఫరీ ఈల వేసి బంతి అవతలివాళ్ళకి ఇచ్చేస్తాడు, ఈ రూలు మన చిన్నప్పుడు లేదు. మొన్న మాల్వీనా అనే గడుగ్గాయి అడిగింది. "కోచ్, మా తలలకి మంచిది కానిది మీ తమ్ముడి తలకెలా మంచిదయింది?" "వాడి తలలో పాడవడానికి ఏమీ లేదే తల్లీ" అన్నాను. అందరూ పడీ పడీ నవ్వారు.

మన పోర్చుగీసు సంఘం హాల్లో ముసలాళ్ళు నీ ఆటలన్నీ పెద్ద తెర మీద పెట్టించుకుంటున్నారు. నీ తలకి బంతి తగిలినప్పుడల్లా బల్ల మీద గ్లాసులు కొడతారు. ఇరవై ఆటలా? కళ్ళు మూసుకుని ఆడేస్తావు. ఫోన్ మాత్రం ఎత్తు.

ఇల్డా


టొలీడో
ఏప్రిల్ 21

అక్కా,

పోయిన వారం ఆట చూసే ఉంటావు. నువ్వు ఊరంతా ఏకం చెయ్యకముందే రాస్తున్నాను. నాకేం కాలేదు.

కార్నర్ కిక్ వచ్చింది. నేనూ వాళ్ళ పొడుగు వెధవా ఒకేసారి ఎగిరాం. బంతి కన్నా ముందు వాడి నుదురు నా కణతకి తగిలింది. పిడత పగిలినట్టు చప్పుడైందని విటాకర్ అంటాడు, నాకైతే వినబడలేదు. లేచాను. వేళ్ళెన్ని అంటే చెప్పాను, ఏ ఊరంటే చెప్పాను. ఆట సాగింది.

విరామంలో ఒక తమాషా జరిగింది, విను. నడుచుకుంటూ పోయి బెంచీ మీద కూర్చుని బూటు లేసులు విప్పుకుంటున్నాను. తలెత్తితే అందరూ తెల్ల చొక్కాలు! అవతలి జట్టు గదిలోకి పోయాను. వాళ్ళ కోచ్ "బాబూ, నిన్ను మేమింకా కొనుక్కోలేదు" అన్నాడు. గది గొల్లుమంది. విటాకర్ వచ్చి "మా తాతగారు దారి తప్పారండీ" అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. నేనూ నవ్వాను. లొరేన్‌తో అనకురా అంటే, వాడు మాత్రం కాసేపు నవ్వకుండా నా మొహంలోకి చూశాడు. తర్వాత సరేలే అన్నాడు.

మూడో రోజు మళ్ళీ పరీక్ష పెట్టారు. ఫిబ్రవరికీ ఇప్పటికీ తేడా రెండే మార్కులు. రెండు లెక్కలోకి రావట. శనివారం దిగాను, గెలిచాం. చూశావా నీ పాఠం ఎంత పనికొచ్చిందో!

ఏడు ఆటలయ్యాయి. గదిలో కిటికీలకి దుప్పట్లు కట్టాను, బల్బులు రెండు తీసేశాను. చీకటిగా ఉంటే హాయిగా నిద్ర పడుతోంది. అంతకుమించి విశేషాల్లేవు.

డువార్టె


ఫాల్ రివర్
ఏప్రిల్ 28

డువార్టే,

నాకు నవ్వు రాలేదు.

ఆట హాల్లోనే చూశాను. నువ్వు కిందపడ్డప్పుడు ఒక్కరూ గ్లాసు కొట్టలేదు. పక్కన కూర్చున్న రెజెండెస్ ముసలాయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. నువ్వు లేచాక అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. కానీ లేచిన తర్వాత నువ్వు మన గోలు వైపు కాకుండా వాళ్ళ గోలు వైపు నాలుగడుగులు వేశావు. విటాకర్ అరిస్తే తిరిగావు. అది తెర మీద కనబడింది రా. ఎవరూ గమనించలేదు, నేను గమనించాను.

ఏం చీకటి? పట్టపగలు కిటికీలకి దుప్పట్లు కట్టుకునేది ఎవరు? తలనొప్పి ఉందా? ఉంటే ఎన్నాళ్ళ నుంచి? ఫోన్ చేస్తే ఎత్తవు, మెసేజ్ పెడితే మూడు రోజులకి ఒక బొమ్మ పంపిస్తావు. నేను నీకు అక్కనా, కరెంటు బిల్లు మనిషినా?

లొరేన్‌కి ఆ తెల్ల చొక్కాల గది సంగతి నువ్వే చెప్పు. ఒక్క వారం ఆగితే కొంపలేం మునిగిపోవు. ఇరవై ఆటలకి ఇంకా బోలెడు టైముంది.

మే నెలాఖరు సెలవులకి వస్తున్నాను. వద్దనకు, సెలవు పెట్టేశాను. నీ సోఫా మీద పడుకుంటాను.

ఇల్డా


టొలీడో
జూన్ 16

అక్కా,

ఎలా ఉన్నావు? ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. పదమూడు ఆటలయ్యాయి. మరో ఏడు. కోచ్ పిలిచి వచ్చే ఏడాది కుర్రాళ్ళ డిఫెన్సు నాకే అప్పగిస్తానన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

నువ్వొకసారి రావాలక్కా. ఎప్పుడూ పని పని అంటావు. నేను ఈ ఇంటికి మారాక ఒక్కసారైనా చూశావా? నదికి తూర్పున ఒక హంగేరియన్ వాళ్ళ హాట్‌డాగ్ కొట్టుంది. ఆ కారం సాస్ నీకు తెగ నచ్చుతుంది, మన కారం సాసేజి చొరీసుని గుర్తుచేస్తుంది. నువ్వొస్తే తీసుకెళ్తాను. మొదటిసారి తిన్నవాళ్ళ మొహం చూడాలి, భలే ఉంటుంది.

కారు అమ్మేశాను. ఊరికే దండగ. విటాకర్ రోజూ ఎక్కించుకుని వెళ్తున్నాడు, దారంతా తిడుతూ. వాడి పక్కన కూర్చుంటే దారి చూసుకునే బాధ లేదు.

నువ్వు రావాలి, మరి.

డువార్టె


ఫాల్ రివర్
జూన్ 27

డువార్టే,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. పక్కన ఎవరూ లేనప్పుడు చదువు.

నీ కవరు నాకు చేరడానికి పది రోజులు పట్టింది. కొలంబియా వీధి ఇంటి నంబరు రాశావు. అమ్మ పోయాక ఆ ఇల్లు అమ్మేసి తొమ్మిదేళ్ళయింది. కాగితాల మీద నా పక్కన కూర్చుని సంతకం పెట్టావు. ఇప్పుడు అందులో ఉంటున్న ఆవిడ పేరు చూసి, అడ్రసు వాకబు చేసి, నా చేతికి తెచ్చిచ్చింది. "మీ తమ్ముడు చాలాకాలంగా ఊళ్ళో లేడాండీ?" అని అడిగింది. అవునన్నాను.

నేను మేలో వచ్చాను రా. మూడు రోజులు నీ సోఫా మీద పడుకున్నాను. దుప్పట్లు కట్టిన ఆ గదిలో, ఇంట్లో కూడా నువ్వు నల్ల కళ్ళద్దాలు తియ్యకపోతే పోట్లాడాను. ఆ హంగేరియన్ కొట్టుకి రెండుసార్లు తీసుకెళ్ళావు. రెండోసారి కూడా "మొదటిసారి తిన్నవాళ్ళ మొహం చూడాలి" అన్నావు. హాస్యమనుకుని నవ్వాను. నా మొహం మండా, నవ్వాను!

తిరిగొచ్చాక నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అలసట, వయసు, పని ఒత్తిడి అని. ఇక సర్దిచెప్పుకోవడం నా వల్ల కాదు. నిద్రలో ఆ తెల్ల చొక్కాల గది కనబడుతోంది. నువ్వు అందులో కూర్చునే ఉంటావు, ఎవరూ వచ్చి చెయ్యి పట్టుకోరు. భయంగా ఉందిరా. ఇంత భయం అమ్మ జబ్బప్పుడు కూడా పడలేదు.

ఒక్క ప్రశ్న అడుగుతాను. డొంకతిరుగుడు వద్దు. ఏప్రిల్ మార్కులు ఫిబ్రవరి మార్కులకి అంత దగ్గరగా ఎలా వచ్చాయి? దెబ్బ తగిలిన తల అది. ఈ మరుపు ఏప్రిల్లోనే మొదలైందా? ఫిబ్రవరిలో నువ్వు ఎన్ని మాటలు కావాలని తప్పు చెప్పావు?

ఇల్డా


టొలీడో
జూలై 30

అక్కా,

ఒక్కటీ కాదు.

నెల రోజులు నీ ప్రశ్న జేబులో పెట్టుకుని తిరిగాను. అబద్ధం రాద్దామని మూడు కాగితాలు తీశాను. చింపేశాను.

జనవరిలో ఒకరోజు జట్టు జిమ్‌కి బయల్దేరి, నాలుగేళ్ళుగా వెళ్తున్న దారిలో, ఎటు తిరగాలో తెలియక పెట్రోలు బంకులో గంటసేపు కూర్చున్నాను. ఎవరికీ చెప్పలేదు. అప్పుడే అనుకున్నాను, ఈసారి పరీక్ష నిజంగా రాద్దాం, కనీసం నాకైనా తెలుస్తుంది అని. పళ్ళు బిగించి కూర్చున్నాను. ఒక్కో మాటనీ లోపల పదిసార్లు అనుకున్నాను. చిన్నప్పుడు ప్రార్థనలు బట్టీ పట్టినట్టు బట్టీ పట్టాను. అడిగేసరికి ఎనిమిది వచ్చాయి. ఎంత పీక్కున్నా తొమ్మిదోది రాలేదు.

అవే మార్కులక్కా! ఇన్నేళ్ళూ నటించి తెచ్చుకున్నవే ఈసారి నటించకుండా వచ్చాయి. "పోయినేడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి" అంది లొరేన్. పాపం ఆవిడదేం తప్పు, కాగితం అలాగే ఉంది మరి. నేను నవ్వి థాంక్స్ చెప్పి బయటికొచ్చి కారులో కూర్చుని ఏడ్చాను. తర్వాత నీకు ఉత్తరం రాసి గొప్పలు పోయాను. నీకు గొప్పగా రాస్తే అదే నిజమైపోతుందేమో అనిపించింది.

ఫోన్ మీద విసుగని కూడా అబద్ధమే. తెర చూస్తే కళ్ళ వెనక సూదులు గుచ్చినట్టుంటుంది. కాగితమైతే నొప్పి లేదు.

ఇప్పుడు అసలు సంగతి విను. పద్దెనిమిది ఆటలయ్యాయి. ఇంకా రెండే. ఆగస్టు తొమ్మిది, పదహారు. ఆ రెండూ అయిపోనీ. పదిహేడో తారీఖున నువ్వు ఏ డాక్టరు దగ్గరికి రమ్మంటే ఆ డాక్టరు దగ్గరికొస్తాను. అమ్మ మీద ఒట్టు. రెండు ఆటల్లో కొత్తగా పోయేదేముంది? ఇప్పుడు ఆగిపోతే పన్నెండేళ్ళు నీళ్ళలో పోసినట్టే. ఇన్నేళ్ళు నా వైపే ఉన్నావు. ఇంకో రెండు వారాలు నోరు మూసుకుని నా వైపే ఉండు. నిన్ను ఇంకేమీ అడగను.

డువార్టె


ఫాల్ రివర్
ఆగస్టు 5

డువార్టే,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. ఈరోజు పొద్దున లొరేన్‌కి ఫోన్ చేసి మొత్తం చదివి వినిపించాను. తెల్ల చొక్కాల గది, పెట్రోలు బంకు, ఎనిమిది మాటలు. ఆవిడ ఫోన్ పట్టుకునే ఫిబ్రవరి కాగితం వెతికి తీసింది. తర్వాత "ఆ కాగితం మీద నా సంతకం ఉందమ్మా" అంది. ఈ ఉత్తరం చేరేసరికి నిన్ను పిలిచే ఉంటారు. తొమ్మిదిన నువ్వు దిగవు. పదహారున దిగవు. ఇక ఎప్పుడూ దిగవు.

తిట్టుకో. నీ పన్నెండేళ్ళ పంటని కోతకి రెండు రోజుల ముందు తగలబెట్టాను. నాకు తెలుసు. ఆ రెండు ఆటల్లో ఇంకొక్క దెబ్బ తగిలితే నేను ఎవరికి ఉత్తరాలు రాయాలి? నా వైపు ఉండమన్నావు. ఇదేరా నీ వైపు ఉండడం, నాకింతే తెలుసు.

ఇంకొకటి చెప్పాలి. నీకు తెలిసిందే, అయినా నా నోటితో చెప్పాలి. నీకు పదహారేళ్ళు. రాష్ట్ర జట్టుకి ఎంపికయ్యావు, మొదటిసారి ఆ పరీక్ష పెడతారని తెలిసింది. కొలంబియా వీధి వంటింట్లో బల్ల దగ్గర కూర్చోబెట్టి, పాత బిల్లుల వెనక పన్నెండు మాటలు రాసి నీకు చదివి వినిపించాను. అడిగితే పన్నెండూ గడగడా చెప్పేశావు. "ఒరేయ్, తగ్గించు" అని నెత్తిన మొట్టికాయ వేశాను. మళ్ళీ పన్నెండూ చెప్పావు. "రాకుండా ఎలా ఉంటాయే, వచ్చేస్తున్నాయిగా!" అని ఉడుక్కున్నావు. మూడు సాయంత్రాలు పట్టింది. నీకు మరిచిపోవడం చేతనయ్యేది కాదురా. నేను కూర్చోబెట్టి నేర్పాను. నేను నేర్పకపోతే ఏ ఫిబ్రవరిలోనో ఎవరో ఒకరు తేడా చూసి ఆపేసేవారు. ఆపడానికి పెట్టిన పరీక్షని పనికిరాకుండా చేసింది నేను.

క్షమించమని అడగడం నాకు అలవాటు లేదు, నీకు తెలుసు. అడుగుతున్నాను.

ఇరవై మూడున బండి తీసుకుని వస్తున్నాను. నువ్వు తలుపు తియ్యకపోతే మెట్ల మీద కూర్చుంటాను.

ఇల్డా


టొలీడో
ఆగస్టు 14

అక్కా,

పిలిచారు. కోచ్, లొరేన్, ఇంకో పెద్ద డాక్టరు. అందరూ నెమ్మదిగా మాట్లాడారు, పిల్లాడితో మాట్లాడినట్టు. అదే ఒళ్ళు మండించింది. నీ మీద కోపంతో రెండు రోజులు అన్నం తినలేదు. విటాకర్ వచ్చి "కోపం తర్వాత పడుదువుగాని, ముందు తిను" అని ఎదురుగా కూర్చుని తినిపించి పోయాడు. ఏప్రిల్లో తనైనా చెప్పాల్సిందని వాడు ఏడ్చాడు. అంత పెద్ద మనిషి ఏడిస్తే చూడలేకపోయాను.

తొమ్మిదో తారీఖు ఆట స్టాండ్లో కూర్చుని చూశాను. నా చోట వేరేవాడు నిలబడ్డాడు. వాడు ఎగిరి తలతో కొట్టినప్పుడల్లా నా నోట్లో ఇనప రుచి వచ్చింది. లేచి వచ్చేశాను.

పెద్ద డాక్టరు తల లోపలి ఫొటోలు తీయించాడు. ఎంత పోయిందో, ఎంత ఆగుతుందో ఇప్పుడే చెప్పలేనన్నాడు. ఇంకో దెబ్బ తగలకపోవడం అదృష్టమన్నాడు. తగలకపోవడం కాదు, మా అక్క తగలనివ్వలేదు అన్నాను. కోపంగానే అన్నాను. అన్నాక ఆ మాట నిజమేననిపించింది.

సామాను సర్దుతున్నాను. పెట్టెల మీద ఏముందో రాసి అంటిస్తున్నాను. ఇరవై మూడున రా. తలుపు తీసే ఉంచుతాను.

ఇక ఆ వంటింటి సంగతి. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. వంటిల్లు గుర్తుంది. పసుపు గోడలు, ఫ్రిజ్ మీద అమ్మ రేడియో, అన్నీ ఉన్నాయి. నువ్వు బల్ల దగ్గర కూర్చోవడం, మాటలు చదవడం, మొట్టడం మాత్రం ఎంత వెతికినా లేదు. మూడు సాయంత్రాలన్నావు. ఒక్కటి కూడా దొరకలేదు.

క్షమించమన్నావు. సరే అని రాసెయ్యడం తేలికే. కానీ ఏం జరిగిందో తెలియకుండా క్షమిస్తే అది క్షమించినట్టు కాదు కదక్కా. వచ్చాక మొదటి నుంచీ చెప్పు, తొందరపడకుండా చెప్పు. నేను రాసుకుంటాను. రాసుకున్నాక క్షమిస్తాను.

నీ తమ్ముడు,
డువార్టె